హనుమకొండ పాత సీడీల దుకాణంలో లూయిజ్ ఫరాంక్

హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో, ఒక సందు చివర ఉన్న పాత సీడీల దుకాణానికి నేను మూడు నెలలుగా వెళ్తున్నాను. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయటే ఆగాలి. ఫ్యాను వేస్తే లేచే దుమ్ముకు తుమ్ములు తప్పవు. అయినా మళ్లీ మళ్లీ వెళ్లడానికి కారణం, కొనే ముందు ఏ సీడీనైనా అక్కడే పెట్టి వినిపించడం. "ముందు వినుండ్రి సార్, నచ్చితేనే తీస్కపోండ్రి" అంటారు యజమాని.

పోయిన వారం పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ పేరు రాసిన అట్టపెట్టెలో, ఆయనతో ఏ సంబంధమూ లేని ఫ్రెంచ్ స్వరకర్త లూయిజ్ ఫరాంక్ సీడీ 150 రూపాయలకు దొరికింది. 1804లో పారిస్‌లో పుట్టిన ఈమె ఆంటోన్ రైఖా వద్ద స్వరరచన నేర్చుకుని, పెద్ద వాద్యబృందం వాయించే మూడు సింఫనీలు రాసి, 1842 నుంచి 1873 వరకు పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో పియానో ఆచార్యురాలిగా పనిచేశారు. పదవి ఒకటే అయినా, మగ ఆచార్యుల కంటే ఆమెకు జీతం తక్కువ. ఆ తేడాను పోగొట్టిన రచనే ఈ సీడీలో ఉంది: ఐదు సుషిర వాద్యాలకు, నాలుగు తంత్రీ వాద్యాలకు కూర్చిన నోనెట్, అంటే తొమ్మిది వాద్యాల రచన. 1850లో దాని తొలి ప్రదర్శనలో వయొలిన్ వాయించినది, తరువాత గొప్ప వయొలిన్ విద్వాంసుడిగా పేరుపొందిన, అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లు నిండని యోసెఫ్ యోయాకిమ్. ఆ విజయం తరువాత ఆమె సమాన వేతనం అడిగి సాధించుకున్నారు. పారిస్ అంతా పాటలతో నడిచే నాటకాలైన ఒపెరాల మోజులో ఉన్న కాలంలో వాద్యసంగీతాన్నే నమ్ముకున్నారు కనుక, 1875లో మరణించాక ఆమె పేరు త్వరగానే మరుగున పడింది.

నాకు అన్నిటికంటే నచ్చినది ఆ నోనెట్‌లోని రెండో భాగం. నెమ్మదిగా నడిచే ఒక చిన్న వరుసను వాద్యాలు వంతులవారీగా అందుకుని, తమ గొంతుకు తగినట్టు మార్చి పాడుతుంటే, కచేరీలో పల్లవిని పక్కవాద్యం అందుకున్నప్పటి ఆనందమే కలిగింది. మూడో భాగం తీగలను వేళ్లతో మీటడంతో మొదలవుతుంది. దుకాణంలోని చిన్న స్పీకర్లలో అది సరిగా వినిపించలేదు, ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాకే తెలిసింది.

లోపం కూడా ఇంట్లోనే బయటపడింది. గీత పడినందువల్ల నాలుగో భాగంలో సీడీ రెండుచోట్ల దూకుతోంది. రెండో భాగం వినగానే మురిసిపోయి కొనడం నా తొందరపాటే. కనుక మీరు చివరిదాకా విని కొనండి. మరునాడు చెప్పగానే యజమాని వాదించకుండా 50 రూపాయలు తిరిగి ఇచ్చారు. ఫరాంక్ పేరుతో విడిగా ఒక పెట్టె పెట్టమన్నాను. "ఉన్న ఒక్కటీ మీరే తీస్కపోతిరి గద సార్" అని నవ్వారు.