ఎరోజన్ నోడ్ చాలాకాలం వాడాక: ప్రివ్యూలో ఉన్న లోయ రెండర్‌లో ఉండదు

కొండలు, లోయలు కంప్యూటర్‌లో తయారుచేసే టెరైన్ సాఫ్ట్‌వేర్‌లో మిగతావి ఎలా ఉన్నా సర్దుకుపోతాను. నోడ్ అంటే అందులో ఒక్కో పని చేసే భాగం; నీళ్లు నేలను కోయడాన్ని అనుకరించే ఎరోజన్ నోడ్ సంగతి వేరు. దాన్ని ఇష్టపడినంతగా ఇంకే నోడ్‌నీ ఇష్టపడలేదు, అది విసిగించినంతగా ఇంకేదీ విసిగించలేదు.

ఉత్త నాయిస్‌తో (లెక్కతో పుట్టించే అడ్డదిడ్డమైన ఎగుడుదిగుళ్లతో) చేసిన కొండలు నాకెప్పుడూ నచ్చలేదు. కెన్ పెర్లిన్ 1985 పేపర్‌లోని నాయిస్‌నే తీసుకుని, ప్రతి ఆక్టేవ్‌కీ (పొరకీ) ఫ్రీక్వెన్సీ రెట్టింపు చేస్తూ ఎత్తు సగం చేస్తూ పేర్చుకుంటూ పోతే కొండల్లాంటివి వస్తాయి, కానీ ఎక్కడ చూసినా ఒకటే గరుకు, లోయలు ఎటూ పోవు. పోవు మరి, ఒక చోట ఎత్తు లెక్కగట్టేటప్పుడు పైనుంచి నీళ్లు ఎటు వస్తున్నాయో నాయిస్‌కు తెలియదు. ఎరోజన్ వేయగానే నీళ్లు వాలు వెతుక్కుంటూ దిగుతాయి, వేగంగా ఉన్నచోట మట్టిని కోస్తాయి, నెమ్మదించినచోట వదిలేస్తాయి. కొండ మొదట్లో మేట విసనకర్రలా పరుచుకోవడం మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

అసలు గొడవ ఫైనల్ బిల్డ్ దగ్గర, అంటే పూర్తి సైజులో లెక్క చేయించేటప్పుడు. 512 సైజు (ఒక్కో వైపు 512 గడులు) ప్రివ్యూలో ఒక లోయ అద్భుతంగా కుదిరింది, ఎడమకి తిరిగి, సన్నబడి, సరిగ్గా ఎండ పడేచోట తెరుచుకుంటోంది. కెమెరా, లైటింగ్, పొగమంచు అన్నీ దాన్ని బట్టే పెట్టాను. 4096లో బిల్డ్ చేస్తే ఆ లోయే లేదు! దాని బదులు వాలు పొడవునా గోళ్లతో గీరినట్టు సన్నటి పాయలు. సీడ్ (నాయిస్ ఎలా రావాలో నిర్ణయించే సంఖ్య) అదే, సెట్టింగ్స్ అవే. చేతికొచ్చిన పంట నోటికి రాలేదంటే ఇదే.

కారణం తర్వాత అర్థమైంది. ఈ నోడ్ గడిగడికీ లెక్క చేస్తుంది. సైజు ఎనిమిది రెట్లయితే ఒక్కో గడి వెడల్పు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, అన్నే స్టెప్పుల్లో నీటిచుక్క అంత దూరం పోలేదు, పైగా కొత్తగా వచ్చిన చిన్న గతుకులు దాన్ని పక్కకు లాగేస్తాయి. రిజల్యూషన్ తేడాను సరిచేసే ఆప్షన్ ఉంది, కొంత ఉపయోగమే, కానీ లోయ ఉన్నచోటే ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఇప్పుడు పెద్ద లోయలన్నీ తక్కువ సైజులోనే కోయించి, దాన్ని పెద్దది చేసి, పైన సన్నటి నాయిస్, తేలికపాటి ఎరోజన్ ఇంకోసారి వేస్తున్నాను. మధ్యలో ఫైల్ 8 బిట్‌లో సేవ్ చేయకండి, ఎత్తుకు 256 మెట్లే కాబట్టి వాలంతా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. 16 బిట్ అయితే 65,536.

మేటని ఇందాక మెచ్చుకున్నాను కదా, అది ఎక్కడ పడిందో చూపే మాస్క్ కూడా పెద్ద సైజులో కాస్త బ్లర్ చేస్తే తప్ప రంగులకు పనికిరావడం లేదు. ఇంకొకటి, డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో వదిలేస్తే ఏ కొండ చూసినా అవే సమాంతర గీతలు. ఈ మధ్య ఇతరుల బొమ్మల్లో కూడా అవి వెంటనే తెలిసిపోతున్నాయి. ఎరోజన్‌కు ముందు డొమైన్ వార్ప్ (ఆకారాన్ని వంకర తిప్పే నోడ్) వేస్తే కొంత నయం.

నేను చేసేవి స్టిల్ ఇమేజ్‌లు, కెమెరా ఒక్కచోటే ఉంటుంది, అందుకే ఈ తిప్పలన్నీ పడుతూ కూడా దీన్ని వదలడం లేదు. గేమ్ కోసం పెద్ద మ్యాప్‌ని టైల్స్‌గా (ముక్కలుగా) చేసేవాళ్లకు అంచుల దగ్గర పాయలు కలవకపోవడం కూడా తోడవుతుంది కాబట్టి, కొనేముందు ట్రయల్‌లో వీలైతే ఒకసారి ఫుల్ సైజులో బిల్డ్ చేసి చూసుకోండి.