చిన్న పడకగదికి జంపఖానానా, తివాచీనా?

10×10 అడుగుల గది. క్వీన్ సైజు మంచం, బీరువా పోగా కింద మిగిలే చోటు ఎంతని! అందులోకి వరంగల్ జంపఖానా తేవాలా, ఏలూరు ఉన్ని తివాచీ తేవాలా?

తివాచీ మెత్తన. చలికాలం పొద్దున్నే మంచం దిగి కాలు పెడితే ఆ సుఖమే వేరు. కానీ చిన్న గదిలో ఆ మందమే ఇబ్బంది. తలుపు తీసిన ప్రతిసారీ అంచుకు తగులుకుంటుంది, బీరువా తలుపూ అంతే. దుమ్ము పోగుల్లోకి దిగిపోతుంది, చీపురుకు రాదు. ఇంట్లో ఉతకడం మాటే లేదు.

2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) పొందిన వరంగల్ జంపఖానా సాధారణంగా నూలుది, పల్చన. తలుపు దానిమీంచి సాఫీగా పోతుంది. దులిపి ఎండలో వేయొచ్చు. రంగు దిగుతుందేమో, మొదటిసారి విడిగా చన్నీళ్లలో ఉతకండి. టైల్స్ మీద జారుతుంది, అదొక్కటే టెన్షన్. ఇంట్లో పెద్దవాళ్లుంటే కింద రబ్బరు మ్యాట్ వేయాల్సిందే.

నా ఓటు జంపఖానాకే. మంచం గోడకు ఆనుకుని ఉంటే దిగేవైపు 2×6 అడుగులది ఒకటి చాలు. మధ్యలో ఉంటే 5×7 అడుగులది అడ్డంగా పరిచి, దాంట్లో సగాన్ని మంచం కాళ్లవైపు కిందికి తోయండి. రెండు పక్కలా ఒక్కో అడుగు కనిపిస్తుంది, మంచం బరువుకు జారదు కూడా. దుమ్ము పెద్దగా రాని ఏసీ గదైతే మాత్రం తివాచీ గురించి ఆలోచించొచ్చు.