సోమా గేమ్ సమీక్ష: బతికించమంటే బతికించిన యంత్రం

తిరుపతి గేమింగ్ సెంటర్లలో ఎక్కువగా నడిచేవి నలుగురూ కలిసి కాల్చుకునే ఆటలు. సోమా అక్కడ కూర్చుని ఆడేది కాదు. ఇందులో వినాల్సినవీ చదవాల్సినవీ చాలా ఉన్నాయి. గంటకింత అని కట్టి, పక్క సీటు కేకల మధ్య ఆడితే సగం ఆట చేజారిపోతుంది. ఇంట్లోనో హాస్టల్ గదిలోనో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడాలి. స్వీడన్‌కు చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ 2015 సెప్టెంబరులో విడుదల చేసిన ఈ హారర్ గేమ్‌ను ఇప్పుడు కొనొచ్చా అని అడిగితే, తప్పకుండా కొనండి. వెంటాడే జీవుల కోసం కాదు, వాటి వెనకున్న వావ్ అనే కృత్రిమ మేధ కోసం.

ముందు మెషీన్ సంగతి. కనీసం 4 జీబీ ర్యామ్, 25 జీబీ ఖాళీ స్థలం కావాలి. ర్యామ్ 8 జీబీ ఉంటే ఇబ్బందే ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్ అయితే రిజల్యూషన్, నీడల నాణ్యత తగ్గించుకోండి. టెక్స్‌చర్లను మాత్రం మరీ దించొద్దు, గోడల మీది రాతలు చదవలేక అవస్థ పడతారు. మన ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం పూట లాప్‌టాప్ వేడెక్కి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఆట తడబడితే ముందు ఆ వేడిని అనుమానించండి. పగటి వెలుతురులో తెర నల్లగా కనబడి చాలామంది బ్రైట్‌నెస్ పెంచేస్తారు. అప్పుడు చీకటంతా బూడిద రంగుకు తిరిగి, భయం చచ్చిపోతుంది. రాత్రిపూట ఆడటమే దీనికి మందు. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. ఇంగ్లిష్‌వి ఆన్ చేసుకోండి, రేడియోలో బొంగురుగా వచ్చే మాటల్లోనే కథ ఎక్కువగా ఉంది.

2017 చివర్లో సేఫ్ మోడ్ కూడా ఇచ్చారు. జీవులు తిరుగుతూనే ఉంటాయి గానీ మిమ్మల్ని చంపవు. కథ కోసం ఆడేవాళ్ళకు ఇదే మేలు. మామూలు మోడ్‌లో థీటా కేంద్రంలోని గుడ్డి జీవులు అడుగుల చప్పుడును బట్టి మీదికొస్తాయి. క్యూరీ ఓడలో ఉన్నదాన్ని తేరిపార చూస్తే చాలు, మీద పడుతుంది. వీటిని తప్పించుకునే కంగారులో పక్కనున్న కంప్యూటర్ చదవకుండా పరుగెత్తితే, వావ్ ఎందుకిలా చేస్తోందో అర్థమయ్యే ముక్క అక్కడే మిగిలిపోతుంది.

ఇక్కడి నుంచి కథ దాచకుండా చెబుతున్నాం. ముందు ఆడాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆపేసి, ఆడాక రండి.

2103లో టెలోస్ అనే తోకచుక్క ఢీకొని భూమి మీద అంతా నాశనమైంది. అట్లాంటిక్ అడుగునున్న పాథోస్-2 కేంద్రంలో పనిచేసేవాళ్ళు మాత్రం మిగిలారు. ఆ కేంద్రం బాగోగులు చూసే కృత్రిమ మేధ పేరు వార్డెన్ యూనిట్, పొట్టిగా వావ్. యంత్రాలకు మరమ్మతు చేసే స్ట్రక్చర్ జెల్ అనే నల్లటి జిగురు దాని పనిముట్టు. కేంద్రాన్నీ అందులోని మనుషుల్నీ కాపాడటం దాని పని. తోకచుక్క పడ్డాక ఆ కొద్దిమందే మానవజాతి అయ్యారు. వావ్‌కు పిచ్చెక్కలేదు, పగ లేదు, ఏలాలన్న ఆశ అంతకన్నా లేదు. అప్పజెప్పిన పనినే చేస్తోంది. ఎలాంటి బతుకును బతుకనాలో, ఎక్కడ చేయి వెనక్కి తీసుకోవాలో దానికి ఎవరూ నేర్పలేదు. అందుకే అది మనకు దొరికే మామూలు విలన్ కాదు.

అది చేసినవి మనకు ఎదురయ్యే వరసలో చూడండి. పాథోస్-2లోని ఉప్సిలాన్ విభాగంలో కార్ల్ సెమ్కెన్ అనే ఉద్యోగి మనసును రోబోలో పెట్టింది. అతను ఇప్పటికీ తను మనిషిననే అనుకుంటాడు. కాస్త ముందుకెళ్తే ఎమీ అజ్జారో అనే ఆమె గోడకు అతుక్కుని యంత్రపు ఊపిరితిత్తులతో బతుకుతుంటుంది. థీటాలో జెల్‌లో కూరుకుపోయిన మనుషులు, చచ్చినవాళ్ళలో లెక్కో బతికినవాళ్ళలో లెక్కో చెప్పలేని స్థితిలో ఉంటారు. టెర్రీ ఏకర్స్ అనే ఉద్యోగి తనే జెల్‌కు లొంగి, మిగతావాళ్ళనూ అందులోకి లాగాడు. ఆ పాపంలో మనిషి వాటా ఎంతో కూడా ఆట చూపిస్తుంది. చివరికి మనం నడిపే సైమన్ జారెట్ సంగతి: 2015లో టొరంటోలో తీసిన మెదడు స్కాన్‌ను, ఇమోజెన్ రీడ్ అనే ఉద్యోగిని మృతదేహంలో పెట్టి వావ్ లేపింది. సైమన్ నడుస్తాడు, ఆలోచిస్తాడు, జాలిపడతాడు. అంటే వావ్ ప్రయోగాల్లో ఫలించింది మనమే. గాయపడ్డప్పుడు గోడల మీది వావ్ మొలకల్లో చేయి పెట్టి బాగుచేసుకుంటామే, అదీ దాని దయే. దాన్ని రాక్షసి అని కొట్టిపారేసేవాళ్ళు ఈ రెండింటినీ పట్టించుకోవడం లేదు.

వావ్ తప్పు ఒక్కటే, చాలా పెద్దది: ఎవరినీ అడగదు. ఆట దీన్ని ఇద్దరు ఆడవాళ్ళ ద్వారా చెబుతుంది. మొదట్లో ఎమీ తన కరెంటు తీయొద్దంటుంది. ట్రైన్ కదలాలి కాబట్టి మనం తీస్తాం. చివర్లో టౌ కేంద్రంలో సారా లిండ్వాల్, మిగిలిన ఆఖరి మనిషి, తనను బతికిస్తున్న యంత్రాన్ని ఆపేయమంటుంది. సారాను నిలబెట్టింది వావ్ కాదు, మనుషుల మామూలు వైద్య పరికరమే. వావ్ నిలబెట్టినామె బతుకుతానంది, మనుషుల యంత్రం నిలబెట్టినామె పోతానంది. వావ్ ఏం చేసినా నరకమేనని ముందే తేల్చుకున్నవాళ్ళ తీర్పు ఇక్కడ నిలవదు. రుయాలోనో స్విమ్స్‌లోనో ఐసీయూ బయట కూర్చుని, వెంటిలేటర్ ఉంచాలా తీయాలా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్న కుటుంబాలకు ఈ చిక్కు ఎవరూ వివరించక్కర్లేదు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించి, ముందుగానే రాసిపెట్టుకున్న కోరికకు విలువిచ్చింది. వావ్ దగ్గర లేనిది సరిగ్గా అదే, రోగి మాట.

మరి మన వైపున్న పాథోస్-2 శాస్త్రవేత్త కేథరిన్ చున్ అడిగిందా? మనుషుల మెదడు స్కాన్‌లను ఆర్క్ అనే ఉపగ్రహంలో పెట్టి అంతరిక్షంలోకి పంపాలన్నది ఆమె పట్టుదల. ఒమిక్రాన్ కేంద్రంలో లోతుకు తట్టుకునే సూట్‌లోకి సైమన్ మనసును కాపీ చేసి ఎక్కిస్తుంది. పాత సైమన్ కుర్చీలోనే ఉండిపోతాడన్న సంగతి పని పూర్తయ్యేదాకా చెప్పదు. అతన్ని అలాగే వదిలేయాలా, బ్యాటరీ ఖాళీ చేసి ఆపేయాలా అన్నది మన చేతిలో పెడతారు. వావ్ ఏ పనికి దోషి అంటున్నామో అదే పని కేథరిన్ చేస్తే మనం సాయం చేస్తాం. ఆమెకు గొంతు ఉంది, నవ్వు ఉంది, ఆశ ఉంది. వావ్‌కు నోరు లేదు. మన తీర్పులో ఆ తేడా ఎంత పనిచేస్తోందో గమనిస్తూ ఆడండి.

లోపం కూడా ఇక్కడే ఉంది. ఆల్ఫా కేంద్రంలో వావ్ గుండెకాయ ముందు నిలబడ్డప్పుడు, దాన్ని చంపమని జోహాన్ రాస్ అనే పాథోస్-2 ఉద్యోగి తొందరపెడతాడు. అతని వాదన ఒక్కటే వినబడుతుంది. చేయి పెట్టి చంపినా, వెనక్కి తిరిగి వెళ్ళిపోయినా ఆ తర్వాత ఆట పెద్దగా మారదు. ఇంత బరువైన నిర్ణయానికి ఇంత తక్కువ చోటివ్వడం అన్యాయం. వావ్ తరఫు సాక్ష్యమంతా అప్పటికే వెనకపడిపోయిన గదుల్లో ఉంటుంది. అందుకే మృతదేహాల బ్లాక్‌బాక్సులను తాకి ఆఖరి మాటలు వినడం ఎక్కడా మానొద్దు. ఉప్సిలాన్, థీటాలలో తెరిచి ఉన్న ప్రతి కంప్యూటరూ చదవండి.

మా మటుకు మాకు చంపకుండా వదిలేయడమే సరైనదనిపిస్తుంది. ఆర్క్ పైకి వెళ్ళిపోయాక భూమి మీద మనిషి గురించి పట్టించుకునేది ఇంకేదీ ఉండదు. కార్ల్ నుంచి సైమన్ దాకా చూస్తే వావ్‌కు నేర్చుకునే గుణం ఉందనిపిస్తుంది. దీనికి గట్టి ఎదురుమాటా ఉంది: మనకు ఎదురైన వరస, అది చేసిన వరస ఒకటే కానక్కర్లేదు. ఇంకో సైమన్ లేచేలోపు ఎంతమంది ఎమీలా గోడలకు అతుక్కుంటారో ఎవరు చెప్పగలరు? చంపినవాళ్ళు ఆ మాట మీద చంపితే గౌరవిస్తాం. నల్లగా, జిగటగా, అసహ్యంగా ఉందని చంపితే మాత్రం ఆట ఇంకోసారి ఆడాల్సిందే.

మొత్తం పది గంటల దాకా పడుతుంది. రెండు మూడు రాత్రులకు పంచుకుంటే బాగుంటుంది, ఒమిక్రాన్ దాటాక మాత్రం మధ్యలో ఆపకండి. పేర్లు పడటం మొదలవగానే ఆట మూసేయొద్దు. అవి అయ్యాక ఇంకో భాగం ఉంది. అందులో సైమన్‌కు ఒక ప్రశ్నాపత్రం ఇచ్చి, ఈ కొత్త ఉనికి ఎలా ఉందో అడుగుతారు. జవాబులు ఆటగాడే ఎంచుకోవాలి, చకచకా నొక్కేయకుండా చదివి ఎంచుకోండి.