నంబర్లు తీసేసిన మార్కు సువార్త పుస్తకం, కొనొచ్చా?

కొనొచ్చండి, నిస్సందేహంగా కొనొచ్చు. అధ్యాయాల నంబర్లు లేవు, వచనాల నంబర్లు లేవు, మధ్యమధ్యలో వచ్చే హెడ్డింగులు లేవు, పేజీకి రెండు కాలమ్స్ కూడా లేవు, మామూలు నవల ఎలా ఉంటుందో అలా, బైబిల్లో యేసు కథ చెప్పే నాలుగు సువార్తల్లో ఒకటైన మార్కు సువార్త ఒక్కదాన్నే చిన్న పుస్తకంగా వేశారు. అదే మార్కు కదా ఇందులో కొత్తేముంది అనేవాళ్ళ కోసమే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఎందుకంటే దీని విలువంతా తీసేసినవాటిలోనే ఉంది.

అసలు ఆ నంబర్లు మార్కు వేసినవి కావు. అధ్యాయాలుగా విడగొట్టింది 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లీషు మతాధికారి అని చెప్తారు, వచనాల నంబర్లు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు వేశాడు. వెతుక్కోడానికి అవి బాగా పనికొస్తాయి, కాదనను, కానీ కథని ఎక్కడపడితే అక్కడ తెంపేస్తాయి. 8వ అధ్యాయం చివర్లో సిలువ ఎత్తుకుని నా వెంట రండి అని యేసు చెప్తున్న మాటల్లో ఆఖరి మాట వెళ్ళి 9వ అధ్యాయం మొదటి వచనం అయింది, ఇక అక్కడ ఆగి మళ్ళీ వారం చదివేవాళ్ళకి ఆ రెండింటికీ సంబంధం ఎలా తెలుస్తుంది చెప్పండి. ఈ పుస్తకంలో అదంతా ఒకే పేరాలో ఉంది.

మార్కు రాసే పద్ధతి ఒకటుంది, ఒక కథ మొదలుపెట్టి సగంలో ఆపి ఇంకో కథ చెప్పి మళ్ళీ మొదటిదానికి వస్తాడు. యాయీరు సంగతే చూడండి. సమాజమందిరపు అధికారి, పేరున్న మనిషి, అందరి ముందు యేసు కాళ్ళ మీద పడి నా కూతురు చావుబతుకుల్లో ఉంది రమ్మంటాడు. దారిలో జనం తోసుకుంటుంటే పేరు కూడా లేని ఒక స్త్రీ, పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో ఉన్నది, వైద్యులకి ఉన్నదంతా ఖర్చుపెట్టేసింది, ఆమె వెనకనుంచి వచ్చి యేసు వస్త్రం ముట్టుకుని బాగుపడుతుంది. యేసు ఆగి ఎవరు ముట్టుకున్నారు అని చుట్టూ చూస్తున్నాడు, అక్కడ యాయీరు నిలబడి ఉన్నాడు కదా, ఆయన పరిస్థితి ఏంటి? మార్కు ఒక్క మాట చెప్పడు, మనల్నే ఆ కంగారు పడనిస్తాడు. యేసు ఆమెని కుమారీ అని పిలిచి ఇంకా మాట్లాడుతుండగానే ఇంటినుంచి మనుషులొచ్చి నీ కూతురు చనిపోయింది అంటారు. ఆ తర్వాత ఆ పిల్ల లేచి నడిచాక గానీ మార్కు వయసు చెప్పడు, పన్నెండేళ్ళని. హెడ్డింగు ఉన్న బైబిల్లో పైనే రెండు అద్భుతాలూ రాసేసి ఉంటాయి కాబట్టి ఈ టెన్షన్ మనదాకా రాదు, ఇందులో పూర్తిగా వస్తుంది.

యేసుని పట్టుకెళ్ళిన రాత్రి ఆయన శిష్యుడు పేతురు బొంకే చోట ఇదే పద్ధతి ఇంకా పదునుగా ఉంటుంది. ముందు పేతురు ప్రాంగణంలో మంట దగ్గర చలి కాచుకుంటున్నాడని ఒక వాక్యం, తర్వాత కథ లోపల విచారణకి వెళ్తుంది. లోపల నువ్వు క్రీస్తువా అంటే యేసు నేనే అని ఒప్పుకుంటాడు, బయట ఒక పనిపిల్ల అడిగితే పేతురు ఆయనెవరో నాకు తెలీదంటాడు. లోపల ముఖానికి గంతకట్టి గుద్దుతూ ప్రవచించు చూద్దాం అని ఎగతాళి చేస్తున్నారు, బయటేమో కోడి రెండుసార్లు కూయకముందే నన్ను ఎరగనంటావు అని ఆయన చెప్పిన మాట అక్షరాలా జరిగిపోతోంది. ఇంత బాగా రాసినవాణ్ణి మామూలు కథకుడు అని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

ఇక మధ్యభాగం. బేత్సయిదా అనే ఊళ్ళో ఒక గుడ్డివాడికి చూపు రెండు విడతల్లో వస్తుంది, మొదట మనుషులు నడిచే చెట్లలా కనిపిస్తారు. సరిగ్గా ఆ వెంటనే పేతురు నువ్వు క్రీస్తువి అంటాడు, వెంటనే యేసు తన చావు మాట ఎత్తితే అడ్డుపడతాడు, అంటే ఆయనకీ సగమే కనిపించింది. ఇక్కడినుంచి యెరికో పట్టణం వరకు మూడుసార్లు యేసు తన చావు గురించి చెప్తాడు, మూడుసార్లూ శిష్యులు బోల్తా కొడతారు, ఒకసారి పేతురు వాదన, ఒకసారి మాలో ఎవరు గొప్ప అన్న గొడవ, ఒకసారి యాకోబు యోహానులు కుడివైపు ఎడమవైపు సీట్లు అడగడం. ఆ తర్వాత ఇంకో గుడ్డివాడు బర్తిమయి, చూపు రాగానే దారిలో ఆయన వెంట వెళ్తాడు. ఈ మొత్తం ఇద్దరు గుడ్డివాళ్ళ మధ్యలో పెట్టాడని నంబర్లు లేకుండా గుక్కతిప్పుకోకుండా చదివితేనే నాకు గట్టిగా తగిలింది. ఆ కుడి ఎడమ స్థానాలు చివరికి సిలువ దగ్గర ఇద్దరు దొంగలకి దక్కుతాయి, చూసుకోండి.

యేసు బాప్తిస్మం దగ్గర ఆకాశం చీలడం, ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర చినగడం కూడా అంతే, మొదట పైనుంచి కుమారుడా అన్న స్వరం, చివర అదే మాట ఒక రోమా శతాధిపతి నోట. ఒకే రోజులో చదివితే ఆ రెండు చివరలూ కలుస్తాయి.

తప్పులు కూడా చెప్పాలి. పేరాల మధ్య ఖాళీ వదిలే విషయంలో ఒకచోట చాలా నిర్లక్ష్యం చేశారు. అంజూరపు చెట్టుని శపించడం, దేవాలయంలో బల్లలు పడదోయడం, పొద్దున్నే ఆ చెట్టు వేళ్ళతో సహా ఎండిపోయి కనిపించడం, ఈ మూడూ కలిసి ఒకటే కథ, చెట్టుకి జరిగింది చూసి దేవాలయం గురించి అర్థం చేసుకోవాలి. వీళ్ళేమో పొద్దున్నే అన్న చోట కొత్త పేజీ మొదలుపెట్టి పైన సగం పేజీ ఖాళీ వదిలారు, కొత్తగా చదివేవాళ్ళు అది వేరే సంగతి అనుకుంటారు. అధ్యాయాలు తీసేసి అదే పని ఖాళీ జాగాతో చేస్తే ఇక లాభమేంటి? ముందుమాట కూడా పొడుగు, కథలో ఏం గమనించాలో అన్నీ ముందే చెప్పేశారు, దాన్ని చివర్లో వేసుంటే బాగుండేది. దాటేసి చదవండి.

ముగింపు మాత్రం చాలా నిజాయితీగా వేశారు. సినాయ్, వాటికన్ అనే 4వ శతాబ్దపు గ్రీకు చేతిరాత ప్రతుల్లో మార్కు 16వ అధ్యాయం 8వ వచనం దగ్గరే ఆగిపోతుంది, స్త్రీలు సమాధి దగ్గర్నుంచి వణుకుతూ పారిపోయి భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు, అంతే. ఆ తర్వాతి 12 వచనాలు తర్వాత చేరినవని ఎక్కువమంది పండితుల మాట. ఈ పుస్తకంలో 8 దగ్గర కథ ఆపి, మిగతాది పేజీ మార్చి చిన్న వివరణతో విడిగా ఇచ్చారు, ఎవరి నమ్మకాన్నీ నొప్పించకుండా. పుస్తకమంతా ఎవరికీ చెప్పొద్దు అని యేసు అంటే జనం ఊరంతా చాటారు, ఇప్పుడు సమాధి దగ్గర ఆ స్త్రీలని వెళ్ళి చెప్పండి అంటే వాళ్ళకి నోరు పెగల్లేదు, ఈ తిరకాసు అక్కడ ఆగితేనే తెలుస్తుంది.

గ్రూపులో కలిసి చదువుకునేవాళ్ళు మాత్రం పక్కన మామూలు బైబిల్ ఒకటి పెట్టుకోండి, ఎవరైనా 9వ అధ్యాయం తీయండి అంటే ఇందులో దొరకదు, వెనక ఏ పేజీలో ఏ అధ్యాయం ఉందో ఒక చిన్న పట్టిక కూడా ఇవ్వలేదు. ఐదుకి నాలుగు స్టార్లు, తగ్గిన ఆ ఒక్కటీ అంజూరపు చెట్టు పేజీకే.