ఐదో షెడ్యూలా, ఆరో షెడ్యూలా: గిరిజన స్వపాలనకు ఏది మేలు?

గిరిజన ప్రాంతాల పాలనకు రాజ్యాంగం రెండు దారులు చూపింది: మన ఏజెన్సీ ఉన్నది ఐదో షెడ్యూలులో, ఈశాన్యంలోని కొన్ని గిరిజన ప్రాంతాలున్నది ఆరో షెడ్యూలులో. మన ఏజెన్సీని ఆరో షెడ్యూలులోకి మార్చాలని వాదించేవారి ఆవేదన న్యాయమైనదే. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు ప్రాంతాల మంచిచెడ్డలు ఎక్కడో రాజధానిలో తేలుతుంటే, మేఘాలయలో గారో కొండల ప్రజలకు సొంత మండలి ఉండడం చూసి ఎవరికైనా ఆశ పుడుతుంది. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా మొగ్గు ఐదో షెడ్యూలు వైపే. ఇప్పుడు అమలవుతున్న తీరు మాత్రం మారి తీరాలి.

ముందు భూమి సంగతి. ఐదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారంతో 1959లో వచ్చిన నిబంధనలను 1970లో సవరించారు. అందరి నోటా నానే 1/70 అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతిలో ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం అతనిదే. ఇద్దరు గిరిజనేతరుల మధ్య జరిగిన అమ్మకం కూడా చెల్లదు. అమ్మితే గిరిజనుడికి అమ్మాలి, లేదా గిరిజనుల సహకార సంఘానికి అమ్మాలి. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని తేల్చింది. బినామీ పేర్లతో ఎన్ని ఎకరాలు చేతులు మారినా, కోర్టుకెక్కిన గిరిజనుడికి ఇంత బలమైన ఆయుధం మరొకటి లేదు.

అయితే ఈ రక్షణ అంతా పైనుంచి దిగి రావలసిందే. గవర్నరు నడిచేది మంత్రివర్గం సలహా మీద. గిరిజన సలహా మండలిలో ఇరవై మంది వరకు ఉండవచ్చు. వారిలో నాలుగింట మూడు వంతుల మంది గిరిజన ఎమ్మెల్యేలే అయినా, సలహా ఇవ్వడంతో వారి పని ముగిసిపోతుంది. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపితే, అక్కడి కోయలకు, కొండరెడ్లకు ఐదో షెడ్యూలు అండగా నిలవలేకపోయింది. ఏజెన్సీ పాఠశాలల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లల ఇంటి భాష తెలిసిన మాస్టారు బడికి వచ్చే అవకాశాన్ని ఆ తీర్పు బాగా తగ్గించింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఆరో షెడ్యూలు దారి వేరు. అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరంలలో కలిపి పది స్వయంప్రతిపత్త మండళ్లున్నాయి. భూమి వినియోగం, రిజర్వు కాని అడవులు, పోడు, వారసత్వం, వివాహ ఆచారాలపై అవి చట్టాలు చేయగలవు. గ్రామ న్యాయస్థానాలు పెట్టగలవు, ప్రాథమిక బడులు నడపగలవు, పన్నులు వేయగలవు. ఖనిజాల రాయల్టీలో వాటా కూడా ఉంటుంది. చట్టాలకు గవర్నరు ఆమోదం కావాలన్న మెలిక ఉన్నా, మన సలహా మండలితో పోలిస్తే ఇది ఎంతో ఎత్తున ఉంది.

చిక్కల్లా ఆ మండలి ఎవరిదన్న ప్రశ్న దగ్గరే వస్తుంది. 2003 ఒప్పందంతో అస్సాంలో బోడో తెగ కోసం ఏర్పడ్డ బోడోలాండ్ మండలిలో ప్రజలు ఎన్నుకునే నలభై స్థానాల్లో ముప్ఫై షెడ్యూల్డ్ తెగలవి. ఆ ప్రాంత జనాభాలో బోడోలు సగం కూడా లేరు. మిగిలినవారి అసంతృప్తి చల్లారలేదు. 2012లో అక్కడి కోక్రాఝార్ చుట్టుపక్కల హింస చెలరేగి లక్షలాది మంది శిబిరాల పాలయ్యారు. దానికి కారణం మండలి ఒక్కటే కాదు. కానీ ఒక తెగ గుర్తింపును అధికారంతో ముడిపెట్టినప్పుడు పక్కవారి భయం కూడా పెరుగుతుందని అక్కడ కళ్లారా చూశాం. మరో లోటు ఆడవారిది. పంచాయతీ చట్టాల్లో మహిళలకు దక్కిన మూడో వంతు స్థానాల హామీ ఆరో షెడ్యూలు ప్రాంతాలకు వర్తించదు.

ఇప్పుడు మన ఏజెన్సీని తలచుకోండి. కోయలు, గోండులు, కొండదొరలు, భగతలు, సవరలు, చెంచులు, లంబాడాలు: ఎవరి సంఖ్య వేరు, ఎవరి బలం వేరు. ఆదిలాబాద్‌లో 2017 నుంచి ఆదివాసీలకు, లంబాడాలకు మధ్య నడిచిన గొడవ చూసినవారికి, జిల్లా మండలి ఎన్నికలంటే ఏ తెగ ఎవరిని ఓడిస్తుందన్న లెక్కే ముందు గుర్తొస్తుంది. చెంచుల వంటి చిన్న తెగకు ఆ సభలో ఒక్క కుర్చీ దక్కడమైనా అనుమానమే.

అందుకే నేను నమ్మేది గ్రామసభను. పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ఐదో షెడ్యూలు ప్రాంతాలకు ఇచ్చిన సభ అది. గూడెంలో అందరూ కూర్చుంటే తెగల లెక్క దానంతట అదే చిన్నదవుతుంది. 2013లో ఒడిశాలోని నియమగిరిలో పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని ఒక్కటొక్కటిగా కాదన్నాయి. డోంగ్రియా కోందులు సాధించిన ఆ విజయానికి అటవీ హక్కుల చట్టం, సుప్రీంకోర్టు ఆదేశం తోడయ్యాయి. ఏ జిల్లా మండలీ అక్కడ లేదు.

పెసాలోనూ లొసుగులున్నాయి. భూసేకరణకు ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలంటుంది. సభ కాదంటే ఏమవుతుందో చెప్పదు. ఆ చోట గ్రామసభ సమ్మతి తప్పనిసరి అని రాయించుకోవాలి. ఆరో షెడ్యూలు మండళ్లకు ఉన్నట్టే రాయల్టీ వాటా కూడా నేరుగా గ్రామసభ ఖాతాలో పడాలి. స్థానిక భాష తెలిసిన టీచర్ల కోసం కోర్టు ముందు నిలబడే కొత్త చట్టం కావాలి. షెడ్యూలు మార్చాలన్న ఉద్యమానికి పెట్టే శక్తిలో సగం ఈ మూడింటి మీద పెట్టినా, 1/70ని చేజార్చుకోకుండానే అధికారం గూడేనికి చేరుతుంది.