‘ఎల్ఈ కంపాటిబుల్’ సీఐసీఎస్ ఇంటర్‌ఫేస్ కొనేవారికి హెచ్చరిక

మాదాపూర్‌లోని ఆ విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు. హైదరాబాద్‌లో సీఐసీఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో ట్రాన్సాక్షన్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద పనిచేసేవారిలో వారి ఇంటర్‌ఫేస్ మాడ్యూల్‌ను ఎరుగనివారు తక్కువే. సీఐసీఎస్ టీఎస్ 3.1 వెర్షన్ నుంచి పాతకాలపు ఓఎస్/వీఎస్ కోబాల్ ప్రోగ్రాములు నడవవు కనుక మావన్నీ ఎంటర్‌ప్రైజ్ కోబాల్‌లోకి మార్చుకున్నాము. ఆ కోబాల్ లాంగ్వేజ్ ఎన్విరాన్‌మెంట్ (ఎల్ఈ, ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఐబీఎం ఉమ్మడి వ్యవస్థ) మీదే నడుస్తుంది కాబట్టి, దానికి తగినట్టు పూర్తిగా తిరగరాశామని చెప్పి వారు అమ్మిన కొత్త ఇంటర్‌ఫేస్‌ను మూడున్నర లక్షలకు, దానిపై 18 శాతం జీఎస్టీతో కొన్నాము.

మా కోబాల్ నుంచి ఆ మాడ్యూల్‌కు వెళ్ళే మామూలు కాల్స్ అన్నీ సజావుగానే నడిచాయి. నడవకేం! ఆ మాడ్యూల్ అసెంబ్లర్‌లో (యంత్ర సూచనలకు దగ్గరగా ఉండే భాషలో) రాసినది, ఎల్ఈ పద్ధతి పాటించని అసెంబ్లర్‌ను సీఐసీఎస్ ఇప్పటికీ కాదనదు. వెళ్ళి తిరిగొచ్చే కాల్‌లో లోపం బయటపడదు. కానీ ఈ మాడ్యూల్ అవతలి నుంచి జవాబు రాగానే మన కోబాల్ సబ్‌రొటీన్‌ను తానే పిలుస్తుంది, సరిగ్గా అక్కడే టెస్ట్ రీజియన్‌లో (పరీక్షలకు నడిపే సీఐసీఎస్‌లో) ట్రాన్సాక్షన్ ఏఎస్ఆర్ఏ అబెండ్‌తో (ప్రోగ్రాం లోపంతో అర్ధంతరంగా) పడిపోయింది. ఎల్ఈ నియమం ప్రకారం ఆ సమయానికి 12వ రిజిస్టర్‌లో (ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ గదిలో) కామన్ యాంకర్ ఏరియా, అంటే ఎల్ఈ తన సమాచారం ఉంచుకునే చోటు, చిరునామా ఉండాలి, 13వ రిజిస్టర్ ఎల్ఈ స్టాక్‌లోని (ప్రోగ్రాముల తాత్కాలిక పని స్థలంలోని) సేవ్ ఏరియాను, అంటే రిజిస్టర్ల విలువలు దాచే చోటును, చూపాలి. పడిపోయినప్పటి మెమరీ డంప్‌లో చూస్తే 12వ దానిని మాడ్యూల్ తన బేస్‌గా (సొంత చిరునామాలు లెక్కించే ఆధారంగా) వాడేసుకుంది, 13వది పాతకాలపు 72 బైట్ల సేవ్ ఏరియా దగ్గర ఉంది.

అనుమానం వచ్చి లోడ్ మాడ్యూల్ (నడవడానికి సిద్ధమైన ప్రోగ్రాం) మీద ఆంబ్‌లిస్ట్ (దాని లోపలి వివరాలు చూపే ఐబీఎం సాధనం) నడిపాను. బైండర్ తేదీ, అంటే లింక్ చేసిన తేదీ, ఈ ఏడాదిదే. అసెంబ్లర్ తేదీ, అంటే కోడ్‌ను అసెంబుల్ చేసిన తేదీ, మాత్రం 1997. ఎల్ఈ రొటీన్ అయితే ఎంట్రీ పాయింట్ నుంచి ఆరో బైటు దగ్గర సీ3సీ5సీ5 అని, అంటే మెయిన్‌ఫ్రేమ్ అక్షర సంకేతమైన ఎబ్సిడిక్‌లో ‘సీఈఈ’ అని కనిపించాలి. దాని జాడే లేదు. సీఈఈఎంట్రీ, సీఈఈటెర్మ్ అనే ఎల్ఈ మాక్రోలతో (సిద్ధంగా ఉన్న కోడ్ ముక్కలతో) తిరగరాయవలసిన మాడ్యూల్‌ను ఒక్క అక్షరం ముట్టుకోకుండా మళ్ళీ లింక్ చేసి, కొత్త వెర్షన్ నంబరు అంటించి మాకు అంటగట్టారన్న మాట.

ఆ ప్రింటవుట్ పట్టుకుని వారి ఆఫీసుకు వెళ్ళాను. వారి టెక్నికల్ హెడ్ కాగితాన్ని టేబుల్ మీద నుంచి ఎత్తను కూడా ఎత్తలేదు. “మేడమ్, ఎల్ఈ లైబ్రరీతో లింక్ చేశాం, అంటే ఎల్ఈ ఉన్నట్టే కదా” అన్నారు. 1997 అన్న తేదీ మీద వేలు పెట్టి చూపించాను. “మీరు కోబాల్ మనుషులు, అసెంబ్లర్ జోలి మీకెందుకు?” అని, పక్కనున్న కుర్రాడి వంక చూసి నవ్వారు. ఆ కుర్రాడూ నవ్వాడు, పాపం, ఉద్యోగం చేసుకోవాలి కదా. నాకు ఇప్పటికీ మండుతున్నది డబ్బు గురించి కాదు, ఆ నవ్వు గురించి.

అంతటితో ఆగారా? ఏఎల్ఎల్31 అనే ఎల్ఈ ఆప్షన్‌ను (ప్రోగ్రాములన్నీ 31 బిట్ల చిరునామాలతో నడుస్తాయని చెప్పేదానిని) రీజియన్ మొత్తానికి ఆఫ్ చేసుకుంటే “అన్నీ సర్దుకుంటాయి” అని సెలవిచ్చారు. అది ఆఫ్‌లో ఉంటే ఎల్ఈ స్టాక్‌ను 16 మెగాబైట్ల గీత కిందకు, అంటే పాత 24 బిట్ల చిరునామాలకు అందే మెమరీలోకి, దించాలి. అంటే వారి ఒక్క మాడ్యూల్ సుఖం కోసం మా ట్రాన్సాక్షన్లన్నీ ఆ ఇరుకులో సర్దుకోవాలన్న మాట. పైగా 12వ రిజిస్టర్‌లో ఉండవలసిన చిరునామా ఆ ఆప్షన్ మార్చినంత మాత్రాన వచ్చి కూర్చోదు. ఇంత గొప్ప సలహాను ఉచితంగా ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పుకోవలసినదేమో! ఆ మర్నాడే మిగిలిన వాయిదా కట్టమని మెయిల్ వచ్చింది. సబ్జెక్ట్ లైన్‌లో ‘ఎల్ఈ కంపాటిబిలిటీ పూర్తయింది’ అని ఉంది. ఆ వాయిదా కట్టలేదు, కట్టబోము. కట్టేసినది వెనక్కి వస్తుందన్న ఆశ మాత్రం లేదు.

ఇదే మాడ్యూల్ కొనబోయేవారు అడ్వాన్స్ ఇవ్వకముందే ఆంబ్‌లిస్ట్ లిస్టింగ్ అడిగి అసెంబ్లర్ తేదీ చూసుకోండి. మాడ్యూల్ మీ కోబాల్‌ను తిరిగి పిలిచే పరీక్షను మీ సొంత రీజియన్‌లో, మీ కళ్ళ ముందు చేయించండి, అది నెగ్గితేనే చెల్లింపు అని పర్చేజ్ ఆర్డర్‌లో రాయించుకోండి.