ఆరంగుళాల తెర, తెలుగు ఒత్తులు

పుస్తకాలు చదవడానికే వాడే ఆరంగుళాల ఈ-రీడర్ కొని నాలుగేళ్లు దాటింది. మొదటి నెల కనిపించిన వాళ్లందరికీ కొనుక్కోమని చెప్పాను. మేడ మీద ఎండలో కూర్చున్నా అక్షరం కాగితం మీద ఉన్నట్టే ఉంటుంది, మధ్యలో వాట్సాప్ మోగదు. ఆ మాట ఇప్పటికీ నిజమే, ఇంగ్లీషు పుస్తకాల వరకు.

నా గొడవంతా తెలుగుతోనే. నేను చదివే పాత నవలలు చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, అంటే పేజీల ఫొటోలు. అక్షరం సైజు పెంచితే లైన్లు సర్దుకోవు. ఐదున్నర అంగుళాల వెడల్పున్న డెమ్మీ పేజీని మూడున్నర అంగుళాల వెడల్పున్న తెరలోకి కుక్కితే, ష కింద ఉన్నది ట ఒత్తో ణ ఒత్తో ఊహించుకోవాల్సిందే.

దీనికి మందుందని మా తమ్ముడి కొడుకు ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చాడు. పేజీ ఫొటోను మాటలుగా కత్తిరించి, చిన్న తెరకు తగ్గట్టు మళ్లీ పేరుస్తుందట. మూడొందల పేజీల నవల రాత్రంతా నడిపించి పొద్దున్నే తెరిచాను. 'అమ్మ' కాస్తా 'అమ' అయి కూర్చుంది. కింది లైన్లో ఒత్తులు మాత్రమే ఉన్నాయి, బారుగా! సీసం అక్షరాలు పేర్చి అచ్చేసిన పుస్తకాల్లో ఒత్తు కాస్త ఎడంగా, కిందికి ఉంటుంది. ఆ తెల్లటి సందు చూసి సాఫ్ట్‌వేర్ దాన్ని ఇంకో లైను అనుకుంది. మా ఆవిడ తొంగిచూసి, "ముగ్గులు డౌన్‌లోడ్ చేశారా?" అంది. సందు కొలత పెంచితే రెండేసి లైన్లు కలిసిపోయాయి. వారం కుస్తీ పట్టి వదిలేశాను.

ఇప్పుడు అంచులు కత్తిరించి, తెర అడ్డంగా తిప్పి, ఒక్కో పేజీని మూడు ముక్కలుగా చదువుతున్నాను. ముక్క మారినప్పుడల్లా తెర నల్లగా మిణుకుమంటుంది. అన్నట్టు, ఛార్జింగ్ నెల వస్తుందని ఊరంతా చెప్పాను కదా, రోజూ లైటు వేసుకుని చదివితే పదిహేను రోజులే.

అందుకే పాత తెలుగు పుస్తకాలన్నీ అమ్మాయి వదిలేసిన పదంగుళాల ట్యాబ్‌లోకి మార్చాను. పేజీ నిండుగా, ఒత్తులతో సహా కనిపిస్తుంది. పడుకుని చదివితే మాత్రం మొహం మీద పడుతుంది, రాత్రి గంట దాటితే కళ్లు మండుతాయి. ఫొటోలుగా కాకుండా యూనికోడ్ అక్షరాల్లో టైపు చేసిన కొత్త పుస్తకాలు చదివేవాళ్లకు ఆరంగుళాల రీడర్ హాయిగా సరిపోవచ్చు, నా దాంట్లో అవి బాగానే వస్తున్నాయి. నాకు యాభై నాలుగు, పైగా ఇష్టమంతా పాత పుస్తకాల మీద. నాకు కావాల్సింది పదంగుళాల ఈ-ఇంక్ తెర, అంటే నా రీడర్‌లో ఉన్నట్టు కాగితంలా కనిపించే తెర. ధర చూసి ఇప్పటికి రెండుసార్లు కార్ట్‌లో వేసి తీసేశాను.